దీర్ఘకాలిక జబ్బుతో ఉన్న యువతకు తోటివారి గ్రూపు: మొదలుపెట్టి, నిలబెట్టే పద్ధతి

జబ్బుతో ఉన్న నలుగురు కుర్రవాళ్లను ఒకచోట కూర్చోబెడితే తోడు దానంతట అదే పుడుతుందని అనుకుంటాం. మొదటి రోజు అలాగే కనిపిస్తుంది. మూడో మీటింగుకు సగం మంది రారు. వాళ్లకు ఆసక్తి లేక కాదు: ఒకరికి నొప్పి తిరగబెట్టింది, ఒకరు ఆస్పత్రిలో ఉన్నారు, ఇంకొకరు పోయిన చదువును అందుకునే పనిలో ఉన్నారు. రెండుసార్లు రాకపోయేసరికి మళ్లీ రావడానికి మొహం చెల్లదు. అందుకే ఇలాంటి గ్రూపును రాలేకపోయేవారిని దృష్టిలో పెట్టుకుని కట్టాలి. కింద చెప్పిన ఏర్పాట్లలో చాలావరకు ఆ లెక్కతో చేసినవే.

మొదటి మీటింగుకు ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు సన్నాహానికి పెట్టుకోండి. తొందరపడి మొదలుపెట్టిన గ్రూపును మధ్యలో సరిచేయడం చాలా కష్టం.

1. ముందే తేల్చుకోవాల్సినవి

వయసు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 24 ఏళ్లవారిని యువజనులుగా లెక్కిస్తుంది. అంత తేడా ఒక్క గదిలో ఇమడదు. 13–15, 16–17, 18–25 అని విడదీయండి. 18 లోపువారిని, పైవారిని ఒకే గ్రూపులో కలపవద్దు. ఒక్కదానితోనే మొదలుపెట్టేట్టయితే 18 దాటినవారితో మొదలుపెట్టడం తేలిక, ఎందుకంటే సమ్మతి వాళ్లే ఇచ్చుకుంటారు.

ఒకే జబ్బా, రకరకాల జబ్బులా: ఒకే జబ్బు ఉన్నవారు కలిస్తే సూది, పంపు, స్కూలు బ్యాగులో మందులు లాంటి చిన్న వివరాలు మాట్లాడుకోగలుగుతారు. రకరకాల జబ్బులవారు కలిస్తే అలసట, స్నేహితులకు చెప్పడం, ఆగిపోయిన చదువు లాంటి ఉమ్మడి విషయాలు పైకి వస్తాయి. అరుదైన జబ్బు ఉన్నవారికి రెండో రకమే దారి. రెండూ పనిచేస్తాయి కాబట్టి దీని మీద ఎక్కువ తర్జనభర్జన వద్దు.

ఒక్క మినహాయింపు మాత్రం తప్పనిసరి. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న ఇద్దరిని ఒకే గదిలో కూర్చోబెట్టకూడదు. వాళ్ల ఊపిరితిత్తుల్లో ఉండే కొన్ని బాక్టీరియాలు ఒకరి నుంచి ఒకరికి సోకితే ప్రమాదం. వాళ్లకు వీడియో గ్రూపే పెట్టండి.

సంఖ్య: గదిలో ఆరుగురు నుంచి ఎనిమిది మంది ఉంటే అందరికీ మాట వస్తుంది. అందుకు 12 మందిని చేర్చుకోవాలి. ఎనిమిది మందినే చేర్చుకుంటే ఒక్కోరోజు ముగ్గురే మిగులుతారు, ఆ ముగ్గురికీ నిరుత్సాహం వస్తుంది.

హద్దు: ఒక వాక్యం రాసి పెట్టుకోండి. "ఇక్కడ అనుభవాలు చెప్పుకుంటాం, వైద్య సలహాలు ఇచ్చుకోం." ప్రకటనలో, చేరేటప్పుడు, ప్రతి మీటింగు మొదట్లో ఇదే మాట చెప్పండి.

2. నడిపేవారిని సిద్ధం చేయడం

ప్రతి మీటింగుకు ఇద్దరు ఉండాలి. కాబట్టి ముగ్గురికి శిక్షణ ఇవ్వండి, నడిపేవారికీ ఒంట్లో బాగోని రోజులుంటాయి కదా. కనీసం ఒకరు స్వయంగా దీర్ఘకాలిక జబ్బుతో బతుకుతున్నవారై, సభ్యుల కంటే మూడు నాలుగేళ్లు పెద్దవారైతే మేలు. జబ్బు బయటపడి ఏడాది కూడా కానివారికి ఈ బాధ్యత అప్పగించవద్దు. వాళ్లకింకా తమ గోడు వినేవారు కావాలి.

ఇద్దరి పనులు వేరు. ఒకరు మాట నడుపుతారు. రెండోవారు మొహాలు చూస్తారు: ఎవరు మౌనంగా అయిపోయారు, ఎవరికి చెమట పడుతోంది, ఎవరు ఏడుపు ఆపుకుంటున్నారు. ఎవరైనా బయటికి వెళితే వెంట వెళ్లేదీ రెండోవారే.

వీరి వెనక ఒక సైకాలజిస్టో, సోషల్ వర్కరో, అనుభవమున్న నర్సో ఉండాలి. గదిలో కూర్చోనక్కర్లేదు. మీటింగు జరిగినంతసేపూ ఫోనులో అందాలి, నెలకొకసారి గంటసేపు నడిపేవారితో కూర్చోవాలి. ఈ మనిషి దొరకకుండా గ్రూపు మొదలుపెట్టవద్దు.

శిక్షణకు రెండు రోజులు చాలు, కానీ అందులో సగం సమయం పాత్రలు వేసి మాట్లాడి చూడాలి. ఈ మూడు మాటలు నోటికి అలవాటు కావాలి:

- సలహా మొదలైనప్పుడు: "నీకేం జరిగిందో చెప్పు. తనేం చేయాలన్నది తన డాక్టరుతో మాట్లాడుకుంటుంది."
- ఒకరే మాట్లాడుతున్నప్పుడు: "ఇక్కడ కాసేపు ఆపుదాం. ఇది ఇంకెవరికైనా ఎదురైందా?"
- ఎవరూ మాట్లాడనప్పుడు: ఏమీ అనకండి. మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు ఏడు దాటేలోపు ఎవరో ఒకరు నోరు విప్పుతారు.

3. రోజు, వేళ, గది

రోజు ఎంచుకునే ముందు సభ్యుల చికిత్స రోజులు అడిగి తెలుసుకోండి. హీమోడయాలసిస్ (కిడ్నీలు పనిచేయనివారికి యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేయడం) సాధారణంగా వారానికి మూడు రోజులు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఆ సాయంత్రం వాళ్లు లేవలేరు. మీరు అదే రోజు పెట్టారంటే ఆ మనిషికి తలుపు మూసేసినట్టే. తలసేమియా ఉన్నవారికి రక్తం ఎక్కించుకునే ముందు రోజుల్లో నీరసం ఎక్కువ. కీళ్లవాతం ఉన్నవారికి పొద్దున బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి ఉదయం వేళలు వద్దు. రెండు వారాలకొకసారి, మధ్యాహ్నం దాటాక, 90 నిమిషాలు అన్నది ఎక్కువమందికి కుదిరే ఏర్పాటు.

గదిలో చూసుకోవాల్సినవి:

- మెట్లు లేని దారి, వీపుకు ఆనిక ఉన్న కుర్చీలు. నేల మీద కూర్చోబెట్టవద్దు.
- మరుగుదొడ్డి దగ్గరలో ఉండాలి. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ (పేగుల వాపు జబ్బులు) ఉన్నవారికి తలుపు పక్క కుర్చీ. అడగకుండానే లేచి వెళ్లొచ్చని ముందే చెప్పండి.
- ఏసీ చలి వద్దు. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్నవారికి చలి, ఒంట్లో నీరు తగ్గడం రెండూ నొప్పిని రేపుతాయి.
- లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు) ఉన్నవారి మీద నేరుగా ఎండ పడకుండా పరదా. మినుకుమినుకుమనే ట్యూబులైటు ఉంటే మార్చండి, మూర్ఛ ఉన్నవారిలో కొందరికి అది పడదు.
- సెంటు, అగరుబత్తి, రూమ్ ఫ్రెషనర్ వద్దు. ఆస్తమా ఉన్నవారికి ఇబ్బంది.
- పడుకోవడానికి పక్కగదిలో ఒక మంచమో, సోఫానో.

దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవారు ఆ రోజు వీడియోలో చేరాలి. అవయవ మార్పిడి అయినవారికి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారికి పక్కవాడి మామూలు జలుబే ఆస్పత్రి పాలు చేయొచ్చు. ఈ నియమం నడిపేవారికీ వర్తిస్తుంది.

తినడానికి ఏమీ పెట్టవద్దు. ఇది అమర్యాదగా తోస్తుంది, కానీ షుగరు, సీలియాక్ (గోధుమ పడని జబ్బు), కిడ్నీ జబ్బు మూడూ ఉన్న గదిలో అందరికీ సరిపడే పళ్లెం ఉండదు. నీళ్లు మాత్రం అందుబాటులో పెట్టండి, ఎవరినీ బలవంతపెట్టవద్దు. ఒకరికి ఎక్కువ తాగడం అవసరం, డయాలసిస్‌లో ఉన్న మరొకరు కొలిచి తాగుతారు.

4. భద్రతా కాగితం

ఒక్క పేజీ చాలు. గోడకు అంటించకుండా నడిపేవారి ఫైలులో ఉంచండి. అందులో అంబులెన్స్ నంబరు, ఫోనులో అందే నిపుణుల నంబరు, గది పూర్తి చిరునామా, ప్రతి సభ్యుడికీ అత్యవసరంలో ఎవరికి ఫోను చేయాలి, ఏ మందు ఎక్కడ పెట్టుకుంటారు అన్నవి ఉండాలి.

షుగరు పడిపోతే: రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గినా, వణుకు, చెమట, తికమక కనిపించినా 15 గ్రాముల చక్కెర వెంటనే ఇవ్వాలి. గ్లూకోజు బిళ్లలో, అర గ్లాసుకు పైగా పళ్లరసమో సరిపోతుంది. 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, అంబులెన్స్ పిలవండి.

మూర్ఛ వస్తే: టైము చూడండి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరపండి, తల కింద మెత్తటిది పెట్టండి. గట్టిగా పట్టి ఆపవద్దు, నోట్లో ఏదీ పెట్టవద్దు. కదలికలు తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటినా, వెంటనే రెండోసారి వచ్చినా అంబులెన్స్.

చనిపోవాలని ఉందని ఎవరైనా సూచనగా అన్నా సరే: రెండోవారు పక్కకు తీసుకెళ్లి సూటిగా అడగాలి. "చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా? ఎలా అని కూడా అనుకున్నావా?" అడిగితే ఆ ఆలోచన పుట్టదు, అడిగినందుకు చాలామంది ఊరట పొందుతారు. ఒంటరిగా వదలవద్దు. అక్కడి నుంచే నిపుణులకు ఫోను చేయండి. దీర్ఘకాలిక జబ్బు ఉన్న ఇంట్లో మందులు చేతికి అందుబాటులో ఉంటాయి, కాబట్టి వాటిని ఆ రోజు నుంచి ఇంకొకరు దాచి ఇచ్చే ఏర్పాటు కూడా ఇంటివారితో మాట్లాడాలి.

5. చేర్చుకునే ముందు మాటామంతీ

ఆస్పత్రి నుంచి పేషెంట్ల జాబితా తీసుకుని మీరే ఫోన్లు చేయవద్దు. చిన్న చీటీ అచ్చువేసి నర్సుల చేతికివ్వండి, ఇష్టమున్నవారు వాళ్లంతట వాళ్లు సంప్రదిస్తారు.

ప్రతి ఒక్కరితో విడిగా 20 నుంచి 30 నిమిషాలు మాట్లాడండి. 18 లోపువారైతే సగం సమయం తల్లిదండ్రులతో, సగం పిల్లలతోనే. అడగాల్సినవి:

- ఇక్కడికి రావాలన్నది ఎవరి కోరిక? అమ్మానాన్నలదే అయితే ఒక్క మీటింగు చూసి నిర్ణయించుకోమనండి.
- మీటింగులో ఒంట్లో బాగోకపోతే ముందుగా ఏం కనిపిస్తుంది, మేం ఏం చేయాలి?
- ఏ విషయం ఎత్తకుండా ఉంటే బాగుంటుంది?
- రాలేకపోయినప్పుడు మేం ఫోను చేయాలా, మెసేజ్ పెట్టాలా, ఏమీ చేయకూడదా?

తల్లిదండ్రులను తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: తన జబ్బు గురించి బిడ్డకు ఎంతవరకు తెలుసు? పుట్టుకతో హెచ్‌ఐవీ ఉన్న పిల్లల్లో కొందరికి ఇంట్లో పూర్తిగా చెప్పి ఉండరు. ఆ సంగతి గ్రూపులో తోటివాడి నోట వినడం ఘోరం. అలాంటప్పుడు డాక్టరు, ఇంటివారు కలిసి చెప్పేదాకా చేర్చుకోవడం ఆపండి.

జబ్బు పేరు చెప్పడం సభ్యుల ఇష్టం. మీ కాగితంలో ఉంటుంది, గదిలో చెప్పనక్కర్లేదు.

6. మొదటి మీటింగు, నిమిషాల లెక్కన

0–10: వచ్చి కూర్చోవడం. నడిపేవారు 20 నిమిషాల ముందే అక్కడ ఉండాలి.

10–25: పేర్లు. "నీకేం జబ్బు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దు, ఆస్పత్రి వరసలో నిలబడ్డట్టు ఉంటుంది. "జబ్బు గురించి జనం అడిగే ప్రశ్నల్లో నీకు విసుగొచ్చేది ఏది?" అని అడగండి. నవ్వు వస్తుంది, బిడియం కరుగుతుంది, పేరు చెప్పకుండానే జబ్బు కొంత తెలుస్తుంది.

25–45: కట్టుబాట్లు. మీరు రాసుకొచ్చి చదవకండి, వాళ్లచేత చెప్పించి రాయండి. ఈ ఐదూ రాకపోతే మీరు చేర్చండి:

- ఇక్కడి మాట బయటికి పోదు. ప్రాణాపాయం ఉన్నా, ఎవరైనా హింసిస్తున్నా మాత్రం నడిపేవారు చెప్పాల్సినవారికి చెబుతారు.
- ఫొటోలు, రికార్డింగులు లేవు.
- ఎవరిది ఎక్కువ కష్టమని పోల్చుకోం.
- పరీక్షల అంకెలు, బరువు, డోసులు చెప్పుకోం.
- నా వంతు వద్దని ఎప్పుడైనా అనొచ్చు.

45–50: విరామం. మందులు, సూదులు, మరుగుదొడ్డి.

50–80: ఇద్దరిద్దరుగా 10 నిమిషాలు, తర్వాత అందరూ కలిసి. ఒకే ప్రశ్న: "ఈ నెలలో జబ్బు వల్ల ఆగిపోయింది ఏది, ఆగనిది ఏది?"

80–90: ముగింపు. ఒక్కొక్కరు ఒక్క వాక్యం. బరువైన మాట చివరి ఐదు నిమిషాల్లో బయటపడటం మామూలే. అప్పుడు చర్చ తెరవకండి. "ఇది ముఖ్యమైన మాట, మీటింగు అయ్యాక నేను నీతో కూర్చుంటాను" అని చెప్పి కూర్చోండి.

7. తర్వాతి ఆరు మీటింగుల విషయాలు

వరస ఇలా ఉంటే సులువు నుంచి లోతుకు వెళుతుంది: స్నేహితులకు ఎంత చెప్పాలి, చదువు దగ్గరో పని దగ్గరో వెసులుబాటు అడగడం, అలసట, ఇంటివారి అతిజాగ్రత్త, మందులు మానేయాలనిపించే రోజులు, పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరుకు మారడం. ప్రేమ, పెళ్లి, సంతానం గురించి అడిగేదాకా ఆగండి. తప్పకుండా అడుగుతారు.

మందులు మానేసే విషయం దగ్గర నిలకడగా ఉండాలి. విసుగొచ్చి ఒకపూట మానేశానని చెప్పిన పిల్లకు ఉపన్యాసం ఇస్తే మళ్లీ నిజం చెప్పదు. అలాగని అన్నీ ఒకటి కావు. టైప్ 1 షుగరు ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే ఒక్క రోజులోనే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి వచ్చే స్థితి) రావొచ్చు. చాలా వారాలుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, ఎందుకంటే శరీరం తన సొంత కార్టిసాల్ (ఒత్తిడిని తట్టుకోవడానికి కావాల్సిన హార్మోను) తయారీని తగ్గించేసి ఉంటుంది. ఈ రెండూ వింటే అదే రోజు వాళ్ల వైద్యబృందానికి ఫోను చేయించండి.

8. రాలేనివారికి దారి

ఈ ఒక్క పని సరిగా చేస్తే మిగతా లోపాలు చాలావరకు కప్పుకుపోతాయి.

- హాజరుపట్టీ మీ లెక్క కోసమే. గదిలో ఎవరు రాలేదో ప్రకటించవద్దు.
- రాని మనిషికి 48 గంటల్లోపు ఒక మెసేజ్, ఆ మనిషి ముందే చెప్పిన పద్ధతిలో. "ఎందుకు రాలేదు?" అనవద్దు. "నీ చోటు నీదే. జవాబు ఇవ్వనక్కర్లేదు. వచ్చే మీటింగు ఫలానా రోజు" అంటే చాలు.
- ప్రతి మీటింగుకు వీడియో దారి తెరిచి ఉంచండి. కెమెరా ఆపుకుని వినడం కూడా రావడమే.
- పోయినసారి ఏం జరిగిందో చెప్పుకునే కార్యక్రమం పెట్టవద్దు. రాలేనివారికి వెలితి తెలుస్తుంది, పైగా గోప్యత పోతుంది. ప్రతి మీటింగు దానంతట అది పూర్తయ్యేలా ఉండాలి.
- మూడు నెలలు రాకపోయినా పేరు తీసేయవద్దు. ఒక్క ఫోను చేసి, ఉండాలో వద్దో వాళ్లనే అడగండి.
- తిరిగి వచ్చిన రోజు చప్పట్లు, స్వాగతాలు వద్దు. ఎప్పుడూ కూర్చునే కుర్చీ చూపించండి.

9. మెసేజ్ గ్రూపు

18 లోపువారి గ్రూపులో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. ఏ పెద్దవారూ ఏ పిల్లలతోనూ విడిగా చాట్ చేయకూడదు, రాని మనిషికి పెట్టే మెసేజ్‌లో కూడా రెండో నడిపేవారిని చేర్చాలి. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా ఎవరూ చూడరని పైన రాసి పెట్టండి, అత్యవసర నంబరు దాని పక్కనే. అర్ధరాత్రి "ఇక చాలు" అని ఒక మెసేజ్ వచ్చి, నిద్రపట్టని తోటి పిల్లాడు ఒక్కడే దాన్ని మోయాల్సి రావడం ఈ గ్రూపుల్లో అతిపెద్ద ప్రమాదం. "అలాంటి మెసేజ్ చూస్తే ఈ నంబరుకు చెప్పు, నువ్వు ఒక్కడివే సర్దిచెప్పక్కర్లేదు" అని మొదటి రోజే అందరికీ చెప్పండి.

10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

*కష్టాల పోటీ మొదలవుతుంది.* ఒకరు రెండు ఆపరేషన్లంటే ఇంకొకరు నాలుగంటారు. తేలిక జబ్బు ఉన్నవారు నోరు మూసుకుంటారు. ప్రశ్నను "ఏం జరిగింది" నుంచి "ఆ తర్వాత రోజు ఎలా గడిచింది" వైపు తిప్పండి.

*ఎప్పుడూ ధైర్యంగా ఉండాలన్న ఒత్తిడి.* "నువ్వు పోరాడగలవు" అన్న మాట నీరసంగా ఉన్నవాడి మీద బరువు. నడిపేవారే ముందుగా "ఈ వారం నాకు బాగోలేదు" అని చెప్పగలిగితే మిగతావారికి దారి దొరుకుతుంది.

*అద్భుత చికిత్సలు.* ఎవరో ఒకరు పొడులు, ఆకులు, వీడియోలు తెస్తారు. వాదించకండి. "మందులు మార్చే మాట ఏదైనా డాక్టరు దగ్గర" అని ఒక్కసారి చెప్పి ముందుకు వెళ్లండి. అమ్మకం మొదలుపెడితే మాత్రం ఆ రోజే ఆపించాలి.

*తల్లిదండ్రులు గదిలో కూర్చుంటామంటారు.* పక్కగదిలో వాళ్లకు చోటు చూపండి. వాళ్లకూ మాట్లాడుకోవాల్సినవి ఉంటాయి.

*నడిపేవారు కూలబడతారు.* మీటింగు అయ్యాక 15 నిమిషాలు ఇద్దరూ కూర్చుని ఏది బరువనిపించిందో చెప్పుకుని ఇంటికి వెళ్లాలి. ఆరు నెలలకొకసారి ఒకరికి రెండు మీటింగుల సెలవు.

11. సభ్యుల్లో ఒకరు చనిపోతే

ఇది ఎప్పుడో వస్తుందని ముందే ఒప్పుకుని రాసి పెట్టుకోండి. కబురు మొదట ఇంటివారి నుంచి నిర్ధారించుకోవాలి, ఏం చెప్పవచ్చో వాళ్లనే అడగాలి. మెసేజ్ గ్రూపులో పెట్టేముందు ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పండి, అదే జబ్బు ఉన్నవారికి ముందుగా. వాళ్ల మనసులో "తర్వాత నేనేనా" అన్న ప్రశ్న ఉంటుంది. దాన్ని మీరే పైకి తీయండి, వాళ్ల డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు చేయండి. ఆ వారంలోనే మామూలు వరసలో లేని ఒక మీటింగు పెట్టి, నిపుణులను ఈసారి గదిలోనే కూర్చోబెట్టండి. ఆ పేరును గ్రూపు నుంచి తీసేయడం ఎప్పుడన్నది సభ్యులే తేల్చనివ్వండి.

12. వయసు దాటి వెళ్లేవారు

వెళ్లాల్సిన తేదీ చేరినప్పుడే చెప్పండి, మూడు నెలల ముందు గుర్తుచేయండి. ఆఖరి మీటింగు రోజు ఆ మనిషి ఆస్పత్రిలో ఉంటే తేదీ జరపండి. నడిపేవారి శిక్షణకు వస్తారా అని అడగండి, కానీ వెంటనే కాదు: కనీసం ఏడాది గడిచాక, వాళ్లు కూర్చున్న గ్రూపుకు కాకుండా వేరే గ్రూపుకు.